మైనర్ అయితే మూడేళ్లేనా? జువెనైల్ చట్టంపై అపోహలు - వాస్తవాలు

నేరారోపణ ఎదుర్కొనే 18 ఏళ్లలోపు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో వాళ్ల తరఫున వాదించే లాయర్ని. ఏదైనా ఘోరం టీవీలో వచ్చిందంటే చాలు, జనం ఇవే మాటలు మొదలుపెడతారు.

అపోహ: మైనర్ ఏం చేసినా మూడేళ్లలో బయటికొచ్చేస్తాడు.

వాస్తవం: ఒకప్పుడు నిజమే. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన (నిందితుల్లో ఒకడు మైనర్) తర్వాత చర్చ పెరిగి 2015లో చట్టం మారింది. కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకుమించి ఉన్న నేరంలో పదహారు నిండిన పిల్లలుంటే బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది. ఆ పని చేయగల శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి చూసి, అవసరమనుకుంటే కేసును పెద్దవాళ్లలా విచారించే వీలున్న చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతుంది. అక్కడ మూడేళ్ల పరిమితి ఉండదు. ఉరిశిక్ష, విడుదలకు వీల్లేని యావజ్జీవం మాత్రం వేయకూడదు. 21 ఏళ్లు వచ్చేదాకా జైలుకూ పంపకూడదు.

నా అభ్యంతరమల్లా ఈ మదింపు మీదే. నేరం జరిగిన రోజు కుర్రాడి బుర్రలో ఏముందో నెలల తర్వాత ఎవరు చెప్పగలరు? బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

అపోహ: వయసు తేల్చేది ఎముకల పరీక్షే.

వాస్తవం: ముందు స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష.

అపోహ: ఒక్కసారి కేసు పడితే ఇక ఉద్యోగం రాదు.

వాస్తవం: ఈ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ కేసు అనర్హత కాదు, నిర్ణీత గడువు తీరాక రికార్డునూ తీసేయాలి. పెద్దవాళ్లలా విచారణ జరిగి దోషిగా తేలినవారికి ఈ రక్షణ లేదు.

అపోహ: పెద్ద కేసైతే బెయిల్ రాదు.

వాస్తవం: నేరం బెయిలబులా కాదా అన్నదానితో 12వ సెక్షన్‌కు పనిలేదు. నేరస్థుల సావాసంలో పడతాడనో, పిల్లాడికే ప్రమాదమనో, న్యాయానికి విఘాతమనో నమ్మడానికి ఆధారం ఉంటేనే బెయిల్ కాదనాలి, కారణాలూ రాయాలి. ఆచరణలో మాత్రం పూచీకత్తు ఇచ్చే దిక్కులేని పిల్లలు చిన్న దొంగతనం కేసుల్లో కూడా అబ్జర్వేషన్ హోమ్‌లోనే (విచారణ సాగుతుండగా పిల్లల్ని ఉంచే చోటు) ఉండిపోతారు. బెయిల్ ఇచ్చిన ఏడు రోజుల్లోగా షరతులు నెరవేర్చలేకపోతే, వాటిని మార్చడానికి పిల్లాడిని మళ్లీ బోర్డు ముందుకు తీసుకురావాలని అదే సెక్షన్‌లో ఉంది. తల్లిదండ్రులెవరైనా ఇది చదువుతుంటే, ఎనిమిదో రోజున మీ లాయర్ని ఈ సంగతి అడగండి.