కాలు ఎవరిదో, కూర్చునే తీరు ఏమిటో

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. "గట్టిగా, అందంగా ఉంటే అది మంచి వస్తువే కదా తాతయ్యా?" అని రాశారు. అంతమాత్రం చాలదర్రా. ఎందుకు చాలదో చెప్పాలంటే నాకు ముందుగా గుర్తొచ్చేది జైపూర్ కాలు అనే కృత్రిమ పాదం.

1960లలో కాలు పోగొట్టుకున్నవాళ్లకు మన ఆసుపత్రుల్లో 'సాచ్' అనే కృత్రిమ పాదం పెట్టేవారు. అది విదేశాల్లో తయారైన నమూనా. లోపల చెక్క, మడమ దగ్గర మెత్తటి రబ్బరు ఉండేవి. చీలమండ కదిలేది కాదు. పైన బూటు తొడగాల్సిందే. పనితనంలో వంకపెట్టడానికేమీ లేదు. బూటు వేసుకుని, కుర్చీలో కూర్చుని పని చేసుకునే మనిషికి అది చక్కగా సరిపోయేది.

జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రికి వచ్చేవాళ్లలో రైతులు, కూలీలు ఎక్కువ. బూటుతో వంటింట్లోకి, గుడిలోకి ఎలా వెళ్తారు? పొలంలో బురద, నీళ్లు. ఒక్కసారి గొంతుక్కూర్చుని మీ పాదం వంక చూసుకోండి. మడమ నేల మీదే ఉంటుంది, మోకాలు ముందుకు వస్తుంది, చీలమండ దగ్గర పాదం బాగా మడతపడుతుంది. బాసింపట్టు వేసుకుంటే అదే పాదం పక్కకు తిరుగుతుంది. గట్టు మీద నడిచేటప్పుడు ఎత్తుపల్లాలను బట్టి ఒరుగుతుంది. సాచ్ పాదానికి ఇవేవీ చేతకావు. అందుకే ఊరికి వెళ్లాక చాలామంది దాన్ని పక్కన పడేసి మళ్లీ చంకకర్రలు పట్టుకునేవారు. డాక్టర్లు పెట్టారు, డబ్బు ఖర్చయింది, మనిషి మాత్రం మొదట ఉన్నచోటే ఉన్నాడు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఎముకల వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ, చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ కలిసి దీని సంగతి చూశారు. శర్మగారు పెద్దగా చదువుకోలేదు, అందరూ ఆయన్ని మాస్టర్‌జీ అనేవారు. లోపల స్పాంజిలాంటి రబ్బరు దిమ్మలు, చెక్క పెట్టి, టైర్లలో వాడే దారపు పట్టీలతో బిగించి, పైన ఒంటి రంగు రబ్బరు చుట్టి, అచ్చులో పెట్టి ఉడికించారు. అచ్చం అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ షాపులో జరిగే పనే. 1968 నాటికి ఆ పాదం సిద్ధమైంది, అదే జైపూర్ కాలు. అది వంగుతుంది, తిరుగుతుంది, నీళ్లలో తడిసినా పాడవదు. వేళ్లతో సహా మనిషి పాదంలాగే కనిపిస్తుంది కాబట్టి చెప్పుల్లేకుండా నడవొచ్చు. ఈ కృషికి 1981లో సేఠీగారికి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మాస్టర్‌జీ పేరు కూడా అంతే గట్టిగా వినబడి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ప్రమాదంలో కాలు పోయిన నర్తకి సుధా చంద్రన్ ఈ పాదంతోనే మళ్లీ నాట్యం చేశారు. ఆవిడ కథే మన తెలుగులో 'మయూరి' సినిమాగా వచ్చింది, అమ్మమ్మను అడగండి.

అవసరమంటే పాదం ఒక్కటే కాదు. దూరాభారం నుంచి వచ్చిన కూలీ వారాల తరబడి పట్నంలో ఉంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్లను ఉచితంగా, వీలైనంత వరకు వచ్చిన రోజే అమర్చి పంపే పద్ధతి పెట్టింది. అలా త్వరగా అమర్చి పంపడం కూడా నాణ్యతే. జోసెఫ్ జురాన్ అనే నిపుణుడు నాణ్యతంటే వాడుకకు తగినట్టు ఉండటమే అన్నాడు, నేనూ అదే నమ్ముతాను.

చేత్తో చేసేది కాబట్టి ఒక పాదం మరోదానిలా ఉండదు, బరువూ ఎక్కువే. ఈ లోపాలు తీర్చడానికి ఇస్రో పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో తేలికైన పాదాన్ని రూపొందించింది. అచ్చులో పోసేది కాబట్టి అన్నీ ఒకేలా వస్తాయి. అయితే అన్నీ ఒకేలా రావడం తర్వాతి మాట. ముందు దాంతో గొంతుక్కూర్చోగలగాలి. ఈ వరస తారుమారైతే, పనికిరాని వస్తువునే ఏ లోపమూ లేకుండా వేలకొద్దీ తయారుచేస్తాం.

సైన్స్ ఫెయిర్‌కి నానమ్మ కోసం చేతికర్ర చేస్తున్నారట కదా. లైటు, బెల్లు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు రెండు రోజులు ఆవిడ వెంట తిరగండి. ఏ చేత్తో పట్టుకుంటుంది, మెట్టు దిగేటప్పుడు ఏం చేస్తుంది, కూర్చున్నాక కర్ర ఎక్కడ పెడుతుంది, తడి బాత్‌రూములో అది జారుతోందా, అన్నీ రాసుకోండి. ఆ కాగితం నాకు పంపించండి, కొలతలు కలిసి వేద్దాం.

మీ తాతయ్య