లేపాక్షి రైడ్‌కి ముందు: రోడ్ సైకిల్ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో సైకిల్ తొక్కే తెలుగువాళ్ళకి నంది కొండ అలవాటయ్యాక మనసు లేపాక్షి మీదికి పోతుంది. హెబ్బాళ్ దగ్గర మొదలుపెట్టి, హైదరాబాద్ హైవే మీద దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమవైపు తిరిగితే లేపాక్షి బసవన్న దగ్గరికి చేరతాం. రానూపోనూ 200 కిలోమీటర్ల పైమాటే. ఇంత దూరంలో ఒక్కరి సైకిల్ మొరాయిస్తే గుంపు మొత్తం ఆగాలి, అదీ లారీలు దూసుకుపోయే రోడ్డు అంచున, ఎండలో. మా గుంపులో రిపేర్ల సంగతి చూసేది నేనే కాబట్టి చెబుతున్నా, దారిలో మనల్ని ఆపేవాటిలో చాలామటుకు ఇంట్లో చేత్తో తాకి చూస్తే ముందే దొరికిపోతాయి. కొన్ని నమ్మకాలు మాత్రం వదిలించుకోవాలి.

అపోహ: ముందురోజు సర్వీసింగ్ చేయిస్తే ఇక టెన్షన్ ఉండదు.

సర్వీసింగ్‌కి అంతకంటే చెడ్డ రోజు లేదు. కొత్త గేరు కేబుల్ వేస్తే కొంత దూరం తొక్కేదాకా అది హౌసింగ్‌లో, అంటే దాని పై గొట్టంలో, సర్దుకోదు, సర్దుకునేలోపు గేర్లు తప్పుతూనే ఉంటాయి. కొత్త డిస్క్ ప్యాడ్లు ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని తగ్గిస్తూ ఓ ఇరవైసార్లు బ్రేకు వేస్తే తప్ప సరిగా పట్టవు. అందుకే వారం ముందే చేయించండి, మధ్యలో ఓ 30-40 కిలోమీటర్లు తొక్కి చూడండి. ముందురోజు రాత్రి చెయిన్ తుడవడం, లైట్లకీ ఎలక్ట్రానిక్ గేర్లు ఉంటే వాటికీ చార్జింగ్ పెట్టడం, అంతే. కొత్త సీటు, బూట్లని పెడల్‌కి పట్టించే కొత్త క్లీట్లు లాంటి ప్రయోగాలు ఆ వారం అసలు వద్దు.

అపోహ: టైరు మీద రాసినంత గాలి కొడితేనే స్పీడు.

టైరు పక్కన రాసి ఉండే అంకె అది తట్టుకునే గరిష్ఠం, కొట్టి తీరాల్సిన లెక్క కాదు. 70 కిలోల మనిషికి ట్యూబ్ ఉన్న 25 మి.మీ. టైరైతే 80-85 పీఎస్ఐ, 28 అయితే 65-75 మధ్య చాలు, ముందు చక్రానికి ఇంకాస్త తక్కువ. అంతకు మించి కొడితే మన గతుకుల రోడ్ల మీద టైరు ఎగిరెగిరి పడుతుంది, శక్తి ఆ కుదుపుల్లోనే పోతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. హుక్‌లెస్ రిమ్ములు, అంటే టైరుని పట్టుకునే కొక్కెం అంచు లేనివి, ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త, వాటికి పరిమితి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ. బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందనుకోకండి, గట్టి టైరు 60 దగ్గరా 90 దగ్గరా వేలికి ఒకేలా ఉంటుంది. మీటరున్న పంపుతో రైడ్ పొద్దున్నే చూసుకోండి.

అపోహ: పంక్చరైతే ట్యూబ్ మారిస్తే పనైపోయినట్టే.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే హైవే మీద ఒకే చక్రానికి వెంటవెంటనే రెండో పంక్చర్ రావడానికి కారణం ఎక్కువగా ఇదే. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని సన్నటి ఉక్కు తీగలు రోడ్డు అంచున పడి ఉంటాయి, మనం తొక్కేదీ ఆ అంచునే. ఆ తీగ వెంట్రుకంత సన్నం. టైరులో దిగి రబ్బరులో దాక్కుంటుంది, మామూలుగా చూస్తే కనిపించదు, టైరుని లోపలివైపు నుంచి వంచితే మొన బయటికొస్తుంది. కాబట్టి ట్యూబ్ బయటికి తీశాక ముందు దానికి గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూడండి. టైరు మీద కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వ్ దగ్గరికి వచ్చేలా తొడిగే అలవాటుంటే, ట్యూబ్ మీద చిల్లు వాల్వ్‌కి ఎంత దూరమో కొలిచి టైరు మీద కూడా అంతే దూరంలో వెతకొచ్చు. తర్వాత ఒక గుడ్డముక్క టైరు లోపల చుట్టూ తిప్పండి, తీగుంటే దారం పట్టుకుంటుంది. వేలితో తిప్పకండి, గాజు పెంకుంటే కోసుకుపోతుంది. తీగని గోళ్ళ కత్తెరతో లాగేయొచ్చు.

చిల్లు ఎక్కడుందన్నది కూడా కారణం చెబుతుంది. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గతుకులో రిమ్ము ట్యూబ్‌ని నొక్కేసింది, అంటే గాలి తక్కువైంది. రిమ్ము వైపు చిల్లుంటే, స్పోక్ చిల్లుల్ని కప్పే రిమ్ టేపు జరిగింది, దాన్ని సరిచేయకుండా ఎన్ని ట్యూబులు మార్చినా అదే గతి.

కొత్త ట్యూబ్‌కి ముందు గుండ్రంగా అయ్యేంత గాలి కొట్టి అప్పుడు లోపల పెట్టండి. టైరు అంచు ఎక్కించడం వాల్వ్‌కి ఎదురుగా మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగిస్తే వదులు దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ల అవసరం రాదు. పూర్తిగా గాలి కొట్టేముందు వాల్వ్‌ని ఒకసారి పైకి నెట్టి, రెండువైపులా టైరుని పక్కకి లాగుతూ ట్యూబ్ అంచు కింద ఎక్కడా ఇరుక్కోలేదని చుట్టూ చూడాలి. నిమిషం పని, చాలామంది ఆత్రంలో వదిలేసేదీ ఇదే.

ప్యాచ్ సంగతి కూడా. సొల్యూషన్ రాసి తడి మీదే అంటిస్తే పట్టుకోదు. పలచగా రాసి, మెరుపు పోయేదాకా ఓ ఐదు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు గట్టిగా నొక్కాలి. రోడ్డు పక్కన ట్యూబ్ మార్చేయండి, ప్యాచ్ పని టీకి ఆగినప్పుడు చూసుకోవచ్చు.

అపోహ: గుంపులో ఎవరో ఒకరి దగ్గర ఉంటుందిలే.

ఉంటుంది, కానీ మీకు సరిపోదు. 50 మి.మీ. లోతున్న రిమ్ములకి పొట్టి వాల్వ్ ట్యూబ్ ఇస్తే వాల్వ్ బయటికే రాదు. తెగిన చెయిన్‌ని కలిపే క్విక్ లింకు 11 గేర్లదైతే 12 గేర్ల చెయిన్‌కి పట్టదు. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం. అందుకే రెండు ట్యూబులు, ఒక క్విక్ లింకు, ఒక హ్యాంగర్ ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలని మా గుంపులో గట్టిగా అడుగుతాను. పెద్ద పంపు, చెయిన్ టూల్ పంచుకోవచ్చు. ఇంకో చిన్న వస్తువు, ఇత్తడి వాల్వ్ అడాప్టర్. హైవే పంక్చర్ షాపుల గన్ను కారు వాల్వులకే పడుతుంది, మన సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి అడాప్టర్ లేకపోతే షాపులో కంప్రెసరున్నా లాభం లేదు. చిన్న సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్‌తో టైరు నింపినవాళ్ళు ఇంటికొచ్చాక ఆ గాలి వదిలేసి మామూలు గాలి కొట్టండి, ఆ వాయువు ట్యూబ్ రబ్బరులోంచి త్వరగా బయటికి పోతుంది.

అపోహ: చెయిన్‌కి ఎంత ఆయిల్ పోస్తే అంత మెత్తగా నడుస్తుంది.

ఆయిల్ పని చేసేది రోలర్ల లోపల, బయట ఉన్నదంతా దుమ్ము పట్టుకోవడానికే. ఇంజన్ ఆయిల్ పోసిన చెయిన్ చూడండి, నల్లటి ముద్ద కట్టి ఉంటుంది, ఆ ముద్దలోని ఇసుకే చెయిన్‌నీ, వెనక పళ్ళచక్రాల గుత్తి అయిన క్యాసెట్‌నీ అరగదీస్తుంది. ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క సైకిల్ చెయిన్ లూబ్, పెడల్ కాసేపు వెనక్కి తిప్పడం, రాత్రంతా వదిలేసి పొద్దున పొడిగుడ్డతో బయటంతా తుడిచేయడం, ఇంతే. మామూలు డబ్ల్యూడీ-40 డబ్బా తుప్పు వదిలించడానికి, మురికి కడగడానికి బాగుంటుంది, 200 కిలోమీటర్లకి లూబ్‌గా నిలవదు.

చెయిన్ సాగిందంటాం గానీ ఇనుము సాగదు, లోపలి పిన్నులు అరిగి సందులు పెరుగుతాయి. ఇనుప స్కేలు చాలు చూడటానికి. ఒక పిన్ను మధ్య నుంచి దాని తర్వాత 24వ పిన్ను మధ్య దాకా కొత్త చెయిన్‌లో 304.8 మి.మీ. ఉంటుంది. 306.3 దాటితే 11, 12 గేర్ల సైకిల్‌కి చెయిన్ మార్చే టైమొచ్చింది. వాయిదా వేస్తే క్యాసెట్ కూడా పోతుంది, దాని ధర మీకు తెలుసు.

అపోహ: గేరు తప్పుతోంటే డిరైలర్ స్క్రూలు తిప్పాలి.

దయచేసి వాటి జోలికి పోకండి. హెచ్, ఎల్ అని ఉండే ఆ రెండు స్క్రూలు చెయిన్ ఎంత దూరం వెళ్ళొచ్చో హద్దు పెట్టేవి, వాటంతటవి మారవు. పెద్ద పళ్ళచక్రం ఎక్కడానికి చెయిన్ తటపటాయిస్తుంటే, కేబుల్ చివర చేత్తో తిప్పే చిన్న మర, అంటే బ్యారెల్‌ని గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పి చూడండి. రెండు మూడు రోజులకోసారి మళ్ళీ మళ్ళీ తిప్పాల్సి వస్తుంటే అనుమానించాల్సింది కేబుల్‌ని. హ్యాండిల్ మీద గేరు మార్చే షిఫ్టర్ లోపల మలుపు దగ్గర ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది, బయటికి ఏమీ కనిపించదు, చివరికి ఎక్కడో తెగి మిగతా దారంతా ఒక్క గేరులోనే తొక్కాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వంగిన హ్యాంగర్. సైకిల్ కుడివైపు పడినా, కారు డిక్కీలో కుక్కి తెచ్చినా అది కొంచెం వంగుతుంది, మామూలు రోడ్డు మీద తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం వేయగానే డిరైలర్ స్పోక్స్‌లోకి పోతుంది. డిరైలర్, హ్యాంగర్, చక్రం, ఒక్కోసారి ఫ్రేము కూడా ఒక్క క్షణంలో పోతాయి. ఇంట్లో వెనక చక్రం పైకెత్తి, నెమ్మదిగా పెడల్ తిప్పుతూ ఆ గేరు వేసి, వెనక నుంచి చూడండి. డిరైలర్ చిన్న చక్రాలు రెండూ పైనున్న పళ్ళచక్రంతో ఒకే గీతలో నిటారుగా కనిపించాలి. స్పోక్స్‌కీ డిరైలర్‌కీ మధ్య వెలుతురు కనిపించాలి. లేకపోతే షాపుకి వెళ్ళి హ్యాంగర్ సరిచేయించండి, చేత్తో వంచకండి.

అపోహ: బోల్టులు ఎంత బిగిస్తే అంత భద్రం.

కార్బన్ ఫైబర్ భాగాల మీద ఇది ప్రమాదం. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మీద 5 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు కొలత) అని రాసుంటే అంతే, బిగింపు కొలిచే టార్క్ రెంచీ ఒకటి గుంపంతా కలిసి కొనుక్కోండి. సీటు కింది కార్బన్ గొట్టం (సీట్‌పోస్ట్) జారుతుంటే ఇంకా బిగించకుండా పట్టు పెంచే కార్బన్ పేస్టు రాయండి. ఎడమ పెడల్ మరచుట్లు తిరగేసి ఉంటాయి, బలంగా తిప్పేముందు గుర్తు తెచ్చుకోండి.

అపోహ: డిస్క్ బ్రేకు కీచుమంటోందంటే కాస్త నూనె కావాలి.

చుక్క కూడా వద్దు, బ్రేకే పోతుంది. డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్యాడ్లకి నూనె పట్టేసి ఉంటే మార్చేయండి. చెయిన్‌కి లూబ్ వేసేటప్పుడు డిస్క్ మీద గుడ్డ కప్పండి. కొండ దిగాక డిస్కుని వేలితో ముట్టుకోకండి, చర్మం కాలుతుంది.

అపోహ: రైడ్ అయ్యాక వాటర్ సర్వీసింగ్‌కిస్తే కొత్తదైపోతుంది.

బండ్లు కడిగే ఆ ప్రెషర్ నీళ్ళు బేరింగుల్లోకి దూరి గ్రీజుని తోసేస్తాయి. బకెట్ నీళ్ళు, గిన్నెల సబ్బు, ఒక స్పాంజి చాలు. కడిగి ఆరాక టైర్లు నెమ్మదిగా తిప్పుతూ కోతల్లో ఇరుక్కున్న గాజు, తీగముక్కలు తీసేయండి, దారిలో వాడేసిన ట్యూబ్ స్థానంలో కొత్తది అదే రోజు బ్యాగులో పెట్టండి.