నోరులేని జీవికి నొప్పి తగ్గిందని ఎలా తెలుస్తుంది?

ప్రియమైన పిల్లలకు,

మోకాళ్ల నొప్పి మందులను ముందు ఎలుకల మీద పరీక్షిస్తారని చదివి మీరొక ప్రశ్న పంపారు. "ఎలుక నోరు తెరిచి చెప్పదు కదా, మరి నొప్పి తగ్గిందని ఎలా తెలుస్తుంది?" అని. ఆ రంగంలో తలపండినవాళ్లు కూడా ఇంకా ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతున్నారు. అందుకే కాస్త ఓపిగ్గా రాస్తున్నాను, మీరూ ఓపిగ్గా చదవండి.

ముందు జబ్బు సంగతి చూద్దాం. కీళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్‌తో 2019లో ప్రపంచమంతటా సుమారు 52.8 కోట్ల మంది బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నని మృదులాస్థి ఈ జబ్బులో మెల్లమెల్లగా పాడైపోతుంది. కానీ ఆ మృదులాస్థిలో నరాలే లేవు! నొప్పి పుట్టేది దాని అడుగున ఉన్న ఎముకలోంచి, కీలు లోపలి పొర వాచడంలోంచి, చుట్టూ ఉన్న కండలోంచి. అందుకే ఎక్స్‌రేలో కీలు బాగా చెడినట్టు కనిపించినా కొందరు సుఖంగా నడుస్తారు. ఎక్స్‌రే బాగానే ఉన్న కొందరు మెట్లెక్కడానికి అవస్థ పడతారు. కాబట్టి కీలును కోసి చూస్తే నొప్పి సంగతి తేలదు. నొప్పినే కొలవాలి.

కొలవాలంటే ముందు జబ్బున్న జంతువు కావాలి. ఎక్కువగా వాడే పద్ధతిలో ఎలుక మోకాల్లోకి మోనోఅయోడోఎసిటేట్ అనే రసాయనం ఎక్కిస్తారు. అది మృదులాస్థి కణాలకు శక్తి అందకుండా చేసి వాటిని చంపేస్తుంది. కొద్ది రోజుల్లోనే ఎలుక ఆ కాలు మీద బరువు వేయడం తగ్గిస్తుంది. ఫలితం త్వరగా వస్తుంది కనుక చాలామంది దీన్నే ఎంచుకుంటారు. నాకు మాత్రం దీని మీద అంత గురి లేదు. మనుషుల్లో ఏళ్ల తరబడి పాకే జబ్బును ఇక్కడ రోజుల్లోకి కుదించేస్తున్నారు. పైగా మొదటి రోజుల్లో వాపు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, వాపు తగ్గించే మందు ఏదైనా అప్పుడు గొప్పగా పనిచేసినట్టే కనిపిస్తుంది. ఇంకో పద్ధతిలో చిట్టెలుక మోకాల్లో నెలవంక ఆకారంలో ఉండే మెత్తను పట్టి ఉంచే చిన్న బంధాన్ని శస్త్రచికిత్సతో తెంచుతారు. కీలు పట్టు తప్పి వారాల మీద నెమ్మదిగా చెడుతుంది. ఇది మనిషి జబ్బుకు కొంత దగ్గర. డంకిన్-హార్ట్లీ జాతి గినీ పందులకైతే ఎవరూ ఏమీ చేయకుండానే వయసుతో మోకాళ్లు అరుగుతాయి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మాక్స్ ఫాన్ ఫ్రై అనే శాస్త్రవేత్త రకరకాల మందాల వెంట్రుకలతో చర్మాన్ని తాకి స్పర్శను కొలిచాడు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది, వెంట్రుకల స్థానంలో సన్నని నైలాన్ పోగులు వచ్చాయంతే. ఎలుకను జాలీ మీద నిలబెట్టి, కింది నుంచి పోగుతో పాదాన్ని పొడుస్తారు. ఎంత బలానికి కాలు వెనక్కి లాక్కుంటుందో రాసుకుంటారు. మందు ఇచ్చాక అంతకన్నా గట్టిగా పొడిచినా లాక్కోకపోతే నొప్పి తగ్గిందంటారు.

ఇక్కడ కాసేపు ఆగండి. జబ్బు మోకాల్లో ఉంది, పొడిచింది పాదంలో! నరాలు ఎంత సున్నితమైపోయాయో దీంతో తెలుస్తుంది, కాదనను. కానీ మోకాళ్ల నొప్పుల మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లి "పాదంలో గుచ్చితే నొప్పిగా ఉంది" అనడు. "నడవలేకపోతున్నాను, రాత్రి నిద్ర పట్టడం లేదు" అంటాడు. దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మందు మత్తుదైతే ఎలుక మగతలో కాలు తీయదు. నొప్పి తగ్గి తీయలేదో, ఒంట్లో చురుకు చచ్చి తీయలేదో ఆ పోగు చెప్పలేదు.

అందుకని కొందరు ప్రశ్ననే తిరగేశారు. ఎలుక దేనికి ఉలిక్కిపడుతుంది అని కాకుండా, దానికి ఏం చేయాలని ఉంటుంది అని అడిగారు. ఎలుకలకు తవ్వడమంటే ప్రాణం. గొట్టం నిండా గులకరాళ్లు పోసి పెడితే ఆరోగ్యంగా ఉన్న ఎలుక వాటిని బయటికి తోసేస్తుంది. కీలు నొప్పి ఉన్నది అంతగా తోయదు. ఎన్ని గ్రాముల రాళ్లు బయట పడ్డాయో తూకం వేస్తారు. మందు ఇచ్చాక మళ్లీ తవ్వడం మొదలుపెడితే దాని విలువ వేరు, ఎందుకంటే మత్తులో ఉన్న ఎలుక తవ్వదు. వెనక కాళ్లు రెండింటి కింద వేర్వేరు పలకలు పెట్టి ఏ కాలి మీద ఎంత బరువు వేస్తోందో కొలవడం కూడా మంచి పద్ధతే. నొప్పి లాక్కున్న పనిని మందు తిరిగి ఇచ్చిందా అన్నదే అసలు పరీక్ష అని నా గట్టి నమ్మకం.

కొలిచే మనిషి కూడా ఫలితాన్ని మార్చేయగలడు. పరిశోధకుడు మగవాడైతే అతని వాసనకే ఎలుకలు ఒత్తిడికి లోనై, నొప్పి తక్కువగా చూపిస్తాయని 2014లో తేలింది. మగవాళ్లు తొడిగి విడిచిన చొక్కా దగ్గర పెట్టినా అంతే! ఇంకొకటి, నొప్పి ప్రయోగాల్లో చాలాకాలం ఎక్కువగా మగ ఎలుకలనే వాడారు. కీళ్ల అరుగుదలేమో ఆడవాళ్లలో ఎక్కువ. ఏ ఎలుకకు మందిచ్చారో, దేనికి ఉత్త ద్రావణం ఇచ్చారో కొలిచేవాళ్లకు తెలియకూడదు. ఏది ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయించాలి. ఇవి పాటించని ప్రయోగంలో ఆ జంతువు పడ్డ బాధ వృథా. అలాంటి ప్రయోగాన్ని నేను సమర్థించలేను. జంతువులకు బదులు వేరే దారి ఉంటే అది వాడాలని, తప్పకపోతే తక్కువ వాటితో, తక్కువ బాధతో ముగించాలని రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే రాశారు. గాజు పాత్రలోని కణాలు మందు ఎక్కడ అతుక్కుంటుందో చూపిస్తాయి. కుంటడాన్ని మాత్రం చూపించలేవు.

ఇంత జాగ్రత్త పడ్డా ఎలుకల్లో నెగ్గిన మందు మనుషుల్లో ఓడిపోవచ్చు. ఒంట్లో సహజంగా పుట్టే నొప్పి తగ్గించే పదార్థాలను విరగ్గొట్టే ఎఫ్‌ఏఏహెచ్ అనే ఎంజైమును ఆపే మందొకటి జంతువుల్లో నొప్పి తగ్గించింది. 2012లో మోకాళ్ల నొప్పుల రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మందు ఆ ఎంజైమును చక్కగానే ఆపింది, నొప్పి మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు తగ్గినంతే తగ్గింది. అదే పరీక్షలో పాత మందు నాప్రోక్సెన్ పనిచేసింది కనుక తప్పును పరీక్ష మీద నెట్టడానికి లేదు.

టానెజుమాబ్ అనే ఇంకో మందు కథ వేరు. నరాల ఎదుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌ను కనిపెట్టినందుకు రీటా లెవీ-మోంటల్చీని, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది. మనిషి పెద్దయ్యాక అదే ప్రొటీన్ నొప్పిని పెంచుతుందని తేలి, దాన్ని పట్టి ఆపే మందుగా టానెజుమాబ్ తయారైంది. జంతువుల్లోనూ మనుషుల్లోనూ నొప్పి తగ్గించింది. అయితే కొందరు రోగుల కీళ్లు ఉన్నట్టుండి వేగంగా చెడిపోయాయి. 2010లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షలను ఆపించింది. తర్వాత మళ్లీ మొదలయ్యాయి గానీ, 2021లో ఆ సంస్థ సలహా సంఘం 19-1 ఓట్లతో వద్దంది, మందు తయారుచేసిన కంపెనీ ఆ ఏడాదే దాన్ని వదిలేసింది. నొప్పి తగ్గిందా అని మాత్రమే చూసే చిన్న ప్రయోగంలో ఇలాంటి ప్రమాదం బయటపడటం కష్టం.

అదే ప్రొటీన్‌ను ఆపే బెడిన్వెట్‌మాబ్ అనే మందును కుక్కల కోసం యూరప్‌లో 2020లో, అమెరికాలో 2023లో అనుమతించారు. ముసలి కుక్కలకు మనలాగే కీళ్లు వాటంతటవే అరుగుతాయి, ఎవరూ గాయం చేయనక్కర్లేదు. మందు పనిచేస్తే మేలు ముందు ఆ కుక్కకే. అందుకే ఈ దారి నాకు ఎక్కువ ఇష్టం. ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. ఉత్తుత్తి మందు ఇచ్చినా "మా కుక్క హుషారుగా ఉంది" అనే యజమానులు చాలామంది. ప్రేమ కొద్దీ అలా కనిపిస్తుంది. అందుకని నడిచేటప్పుడు ఏ కాలు నేలను ఎంత బలంగా తొక్కుతోందో పలక మీద కొలుస్తారు. పలక లెక్క, యజమాని మాట రెండూ ఒకే వైపు చూపించినప్పుడే ఆ మందును నేను నమ్ముతాను.

ప్రేమతో,
మీ తాతయ్య