ఇంగ్లండ్ అద్దె ఇళ్ల లైసెన్సు: ఫీజు రెండు ముక్కలెందుకైంది?

ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చే ప్రతి యజమానికీ లైసెన్సు అవసరం లేదు. అవసరమైన చోట దాని ధర దేశమంతటా ఒకటీ కాదు. రోడ్డుకు ఇటువైపు ఉన్న కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, ఏమీ అడగకపోవచ్చు, అటువైపు కౌన్సిల్ అలాంటి ఇంటికే అయిదేళ్ల లైసెన్సు కింద కొన్ని వందల పౌండ్లు వసూలు చేయవచ్చు. ఆ ఫీజులోనూ ముందుగా దరఖాస్తు పెట్టినవారికి ఒక రేటు, గుర్తింపు శిక్షణ పొందిన యజమానులకు ఒక రేటు, ధార్మిక సంస్థలకు మరొకటి ఉంటాయి. చూడటానికి చిల్లర లెక్కల్లా కనిపించే ఈ తేడాల వెనుక చాలాకాలంగా తెగని వివాదం ఉంది. చట్టాన్ని తప్పించుకునే యజమానులను వెతికి పట్టుకోవడానికయ్యే ఖర్చును ఎవరు భరించాలి? తమంతట తాముగా వచ్చి పేరు నమోదు చేసుకున్నవారా, లేక ప్రజాధనమా?

అద్దెకిచ్చేవాడు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. పేద కూలీలు రాత్రికింత అని చెల్లించి తలదాచుకునే వసతి గృహాలను నమోదు చేసి తనిఖీ చేయాలని బ్రిటిష్ పార్లమెంటు 1851లోనే చట్టం చేసింది; లండన్‌లో ఆ పని చాలాకాలం పోలీసుల చేతిలో ఉండేది. ఇరవయ్యో శతాబ్దంలో, మరీ ముఖ్యంగా 1960ల ఆరంభంలో, పశ్చిమ లండన్ అద్దె ఇళ్లలో రాక్‌మన్ అనే యజమాని సాగించిన దౌర్జన్యాలు బయటపడ్డాక, ఒకే ఇంట్లో పలు కుటుంబాలు ఇరుక్కుని ఉండే భవనాలపై కౌన్సిళ్లకు 1964 చట్టం గట్టి అధికారాలిచ్చింది. అయితే ఆ అధికారాలు వాడాలా వద్దా అన్నది చాలావరకు కౌన్సిళ్ల ఇష్టంగానే మిగిలింది. ఈలోగా 1988 గృహ చట్టం కొత్త అద్దెలపై నియంత్రణను ఎత్తివేసింది, 1996లో అద్దెకిచ్చేందుకే ఇల్లు కొనేవారి కోసం ప్రత్యేక గృహరుణాలు మొదలయ్యాయి. దశాబ్దాలుగా కుంచించుకుపోతూ వచ్చిన ప్రైవేటు అద్దె రంగం మళ్లీ పెరిగి, 2010ల మధ్యకు ఇంగ్లండ్ కుటుంబాల్లో దాదాపు అయిదో వంతుకు ఆశ్రయమైంది.

లైసెన్సు ఐచ్ఛికం నుంచి తప్పనిసరి కావడానికి ఒక అగ్నిప్రమాదం కారణమైంది. 1999లో గ్లాస్గోలో విద్యార్థులు అద్దెకుంటున్న ఫ్లాటులో మంటలు చెలరేగితే, కిటికీలకు ఇనుప ఊచలుండటంతో ఇద్దరు యువకులు బయటికి రాలేక చనిపోయారు. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి స్కాట్లాండ్ ఉమ్మడి అద్దె ఇళ్లకు, అంటే బంధుత్వం లేనివారు కలిసి ఉండే ఇళ్లకు, లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్, వేల్స్ కోసం 2004 గృహ చట్టం వచ్చింది. ఇంగ్లండ్‌లో అది 2006 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. మొదట మూడు అంతస్తులు, ఆపైన ఉండి, అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో ఉండే ఉమ్మడి ఇళ్లకే తప్పనిసరి లైసెన్సు వర్తించేది. 2018 అక్టోబరు 1 నుంచి అంతస్తుల షరతు పోయింది. ఈ చట్టం 'కుటుంబాన్ని' లెక్కించే తీరు మనవాళ్లు తెలుసుకోదగ్గది. లెస్టర్‌లోనో కొవెంట్రీలోనో ఒక ఇంట్లో అయిదుగురు తెలుగు విద్యార్థులు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నా, బంధుత్వం లేకపోతే చట్టం దృష్టిలో వారు అయిదు కుటుంబాలు. ఆ ఇంటికి లైసెన్సు లేకపోతే తప్పు యజమానిదే. అద్దెదారులు ట్రిబ్యునల్‌కు వెళ్లి, కట్టిన అద్దెలో పన్నెండు నెలల సొమ్ము వరకు వెనక్కి అడిగే హక్కు ఈ చట్టంతోనే వచ్చింది.

ఇదే చట్టం కౌన్సిళ్లకు మరో ఆయుధం కూడా ఇచ్చింది. ఇళ్లకు గిరాకీ లేని ప్రాంతాల్లోనూ, అల్లరిచిల్లరి ప్రవర్తన సమస్యగా మారిన ప్రాంతాల్లోనూ, ఉమ్మడి ఇల్లయినా కాకపోయినా ప్రైవేటు అద్దె ఇళ్లన్నిటికీ అయిదేళ్లకు మించకుండా లైసెన్సు విధించవచ్చు. ఉత్తరాది పారిశ్రామిక పట్టణాల్లో ఖాళీపడిన వీధులను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ నిబంధనను, జనం కిక్కిరిసిన తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ 2013 జనవరి 1 నుంచి దాదాపు తన పరిధి అంతటికీ వర్తింపజేసింది. భారతీయులు, అందులో తెలుగువారు కూడా కనిపించే ఈస్ట్ హామ్ ఆ కౌన్సిల్ పరిధిలోదే. ముందుగా దరఖాస్తు పెట్టినవారికి అక్కడ ఫీజు 150 పౌండ్లు. గడువు దాటితే 500. రాయితీ అనే మాట ఈ చరిత్రలో కీలకమైంది ఇక్కడినుంచే అని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ 350 పౌండ్ల తేడా దయాదాక్షిణ్యాల వల్ల ఇచ్చింది కాదు. చట్టం ప్రకారం ఫీజు కౌన్సిల్‌కు ఆదాయ వనరు కాకూడదు. లైసెన్సు పథకం నడపడానికయ్యే ఖర్చుల మేరకే వసూలు చేయాలి. కాబట్టి ప్రతి రాయితీకీ ఖర్చు లెక్కలో ఆధారం చూపగలగాలి. గడువులోగా వచ్చినవాడిని వెతకడానికి అధికారిని వీధివీధికీ పంపనక్కర్లేదు, కౌన్సిల్ పన్ను రికార్డులను హౌసింగ్ బెనిఫిట్ (అద్దె కట్టడానికి ప్రభుత్వమిచ్చే సాయం) రికార్డులతో సరిపోల్చి పట్టుకోనక్కర్లేదు. శిక్షణ పొంది గుర్తింపు పథకంలో చేరినవాడి ఇంటికి తక్కువ తనిఖీలు చాలుతాయి. నాటింగ్‌హామ్ 2018లో పథకం మొదలుపెట్టినప్పుడు సాధారణ యజమానికి 780 పౌండ్లు, గుర్తింపు ఉన్నవారికి 480 అని నిర్ణయించింది ఈ తర్కంతోనే. అయితే చిక్కు కూడా ఇందులోనే ఉంది: గుర్తింపు పథకంలో చేరేవాడు ఎలాగూ ఇంటిని సరిగానే చూసుకునేవాడు, అసలు దొంగ రాయితీ కోసం రాడు.

ఈ లెక్కను తలకిందులు చేసిన తీర్పు అద్దె ఇళ్లతో సంబంధమే లేని వ్యాపారం నుంచి వచ్చింది. లండన్ వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ సోహో ప్రాంతంలోని శృంగార సామగ్రి దుకాణాలకు 2011–12లో విధించిన లైసెన్సు ఫీజు 29,102 పౌండ్లు. అందులో దరఖాస్తు పరిశీలనకయ్యేది 2,667 మాత్రమే. మిగిలిన 26,435 లైసెన్సు లేకుండా నడిచే దుకాణాలను పట్టుకోవడంతో సహా పథకం నిర్వహణకు. దరఖాస్తు తిరస్కరిస్తే ఈ పెద్ద మొత్తాన్ని తిరిగి ఇచ్చేవారు. సేవా వ్యాపారాల అనుమతులపై ఐరోపా యూనియన్ జారీ చేసిన ఆదేశాన్ని, దాని ఆధారంగా బ్రిటన్ 2009లో చేసిన నిబంధనలను చూపించి దుకాణదారులు కోర్టుకెక్కారు. లైసెన్సు పొందినవారి నుంచి అమలు ఖర్చు రాబట్టడం తప్పు కాదని 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఆ సొమ్మును దరఖాస్తుతో పాటే ముందుగా కట్టించుకోవడం, తర్వాత తిరిగి ఇచ్చేదైనా సరే, చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2016 నవంబరులో చెప్పింది.

ఆ తీర్పు ఇంటి యజమానులకు వర్తిస్తుందా అన్నది మరో రెండేళ్లు తేలలేదు. ఇల్లు అద్దెకివ్వడం 'సేవ' కిందికి రాదని కౌన్సిళ్లు వాదించాయి. రిచ్‌మండ్ అపాన్ థేమ్స్ కౌన్సిల్‌పై ఒక యజమాని వేసిన కేసులో 2018 జూలైలో హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అప్పటినుంచి ఇంగ్లండ్‌లో ఫీజు రెండు భాగాలైంది. మొదటి భాగం దరఖాస్తుతో కట్టాలి, తిరస్కరించినా అది తిరిగి రాదు. రెండో భాగం లైసెన్సు ఇవ్వాలని కౌన్సిల్ నిర్ణయించాకే అడగాలి. దాంతో రాయితీ కూడా ఎక్కడ వర్తిస్తుందో చూపించాల్సి వచ్చింది: తనిఖీలు తగ్గుతాయన్న కారణంతో ఇచ్చేది రెండో భాగంలో ఒదుగుతుంది, ఒకే భవనంలో పలు ఫ్లాట్లున్న యజమానికి కాగితాల పని తగ్గుతుందన్న కారణంతో ఇచ్చేది మొదటి భాగంలో.

పొరుగున వేల్స్ వేరే దారి పట్టింది. 2015 నవంబరు 23 నుంచి దేశమంతటికీ ఒకే నమోదు వ్యవస్థ పెట్టి దాన్ని కార్డిఫ్ కౌన్సిల్‌కు అప్పగించింది. ఆన్‌లైన్‌లో నమోదైతే 33.50 పౌండ్లు, కాగితం మీదైతే 80.50 అని మొదట నిర్ణయించారు. స్కాట్లాండ్‌లో 2006 నుంచే యజమానుల నమోదు ఉంది. ఇప్పటికీ మూడేళ్లకోసారి యజమానికి ఒక ఫీజు, దానిపై ఇంటికింత అని కొంత చెల్లించాలి. ఇంగ్లండ్ ఫీజులతో పోలిస్తే ఇవి నామమాత్రం, ఎందుకంటే ఇంగ్లండ్ లైసెన్సులో తనిఖీల భారం కూడా కలిసి ఉంటుంది.

యజమానుల ఫిర్యాదుల్లో కొన్ని సహేతుకమైనవి. లైసెన్సు ఇంటికి కాదు, మనిషికి. మరొకరి పేరుకు మారదు. రెండో ఏట ఇల్లు అమ్మితే కొన్నవాడు మళ్లీ మొత్తం ఫీజు కట్టాలి. పథకం నాలుగో ఏట అద్దెకివ్వడం మొదలుపెట్టినవాడికి కొన్ని కౌన్సిళ్లు ఫీజు తగ్గిస్తాయి, మరికొన్ని తగ్గించవు. ఖర్చు చివరికి అద్దెదారుడి మీదే పడుతుందన్న వాదన మాత్రం కాస్త సాగదీసినది: 780 పౌండ్లను అయిదేళ్లకు పంచితే నెలకు 13 పౌండ్లు.

కేంద్ర ప్రభుత్వ వైఖరి కూడా ఊగిసలాడింది. 2015 ఏప్రిల్ నుంచి కౌన్సిల్ విస్తీర్ణంలోనో, అద్దె ఇళ్లలోనో ఇరవై శాతానికి మించి వర్తించే పథకాలకు మంత్రి అనుమతి తప్పనిసరి అయింది; లివర్‌పూల్ తన నగరవ్యాప్త పథకాన్ని 2020లో కొనసాగించలేకపోవడానికి కారణం ఆ అనుమతి దొరకకపోవడమే. ప్రభుత్వం వేయించిన స్వతంత్ర సమీక్ష ఇలాంటి పథకాలు సక్రమంగా నడిపితే ఫలితమిస్తాయని 2019లోనే చెప్పింది. 2024 డిసెంబరు 23న ఆ అనుమతి షరతును తొలగించారు. 2025 అక్టోబరులో రాజముద్ర పడిన అద్దెదారుల హక్కుల చట్టం, అద్దె వాపసు గరిష్ఠ పరిమితిని ఇరవై నాలుగు నెలలకు పెంచి, ఇంగ్లండ్ యజమానులందరూ ఫీజు కట్టి చేరాల్సిన జాతీయ డేటాబేస్‌కు వీలు కల్పించింది. ఆ డేటాబేస్ వచ్చినా స్థానిక లైసెన్సులు రద్దు కావు. దీంతో, ఒకే ఇంటి వివరాలకు రెండుచోట్ల ఫీజు కట్టాల్సినప్పుడు కౌన్సిల్ లైసెన్సులో ఆ మేరకు రాయితీ ఎందుకివ్వకూడదని యజమానుల సంఘాలు అడిగే అవకాశం ఉంది. ఆ ప్రశ్నకు ఏ కౌన్సిల్ జవాబు చెప్పాలన్నా, తన ఫీజులో ఎంత భాగం కాగితాల పనికి, ఎంత భాగం తనిఖీలకు పోతున్నదో లెక్క చూపక తప్పదు.