ఫోటో వెనక ఏం రాయాలంటే

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బీరువా పైఅరలోనో, అటక మీద ట్రంకుపెట్టెలోనో పాత ఫోటోలు లేని ఇల్లుండదు. సెలవులకు వచ్చినప్పుడు వాటిని ఫోన్‌తో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. అందులో ఉన్నదెవరో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉండగానే పేర్లు రాసుకోవాలి. స్కానింగ్ వచ్చే ఏడాది చేసినా ఫరవాలేదు.

పేర్లు ఎలా రాయాలో ముందు చెబుతాను. చాలా ఫోటోల వెనక "చిన్నత్త, బాబాయి, బుజ్జి" అని ఉంటుంది. ఎవరికి చిన్నత్త? రాసినవాళ్లకి. ఫోటో ఇంకో తరం చేతికి వచ్చేసరికి ఆ మాట పనికిరాదు. పైగా మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తేలతారు. అందుకే ఇంటిపేరు, పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ నాలుగూ ఉండాలి. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు కూడా రాయండి. అది రాయకపోతే ఆవిడ అన్నదమ్ములెవరో తర్వాతివాళ్లకు దొరకదు. ముద్దుపేరును కూడా వదలొద్దు, పాత ఉత్తరాల్లో కనబడేది ఆ పేరే.

గ్రూపు ఫోటో అయితే ట్రేసింగ్ పేపరు మీద తలల ఆకారాలు గీసి నంబర్లు వేయండి. కాగితాన్ని ఫోటో మీద పరిచి గీస్తే ముద్ర పడిపోతుంది, కాబట్టి ఫోన్‌లో తీసిన కాపీని ప్రింటు తీసి దాని మీదే గీయాలి. వెనక వరుస నుంచి మొదలుపెట్టి, చూసేవాళ్ల ఎడమ నుంచి కుడికి రండి. "చూసేవాళ్ల ఎడమ" అని కాగితం మీద కూడా రాయండి, లేకపోతే పేర్లన్నీ తారుమారవుతాయి.

బాల్‌పెన్ను వాడొద్దు. దాని మొన నొక్కుడు ముందువైపు ముఖాల మీద గీతగా తేలుతుంది, తేమకు సిరా పక్క ఫోటోకి అంటుతుంది. పాత నలుపు తెలుపు ఫోటోల వెనక మామూలు కాగితమే ఉంటుంది, దాని మీద 4బి లాంటి మెత్తని పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాయొచ్చు. తర్వాత వచ్చిన రంగుల ఫోటోల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పట్టదు. వాటిని ఒక్కొక్కటీ కవరులో పెట్టి, రాసేది కవరు మీద రాయండి. అదీ ఫోటో లోపల పెట్టకముందే.

ఇక పెద్దవాళ్లను అడగడం. "ఇదెవరు?" అంటే పేరు చెప్పి ఊరుకుంటారు. ఫోటోలో కనబడని దాని గురించి అడగండి: తీసిందెవరు, ఆ వసారా ఎవరింటిది, ఆ రోజు అక్కడే ఉండి కూడా ఫోటోలో నిలబడనిదెవరు, ఎందుకని.

పూలజడ ఫోటో ఒకటి తీసుకుందాం. చాలా ఇళ్లలో ఉంటుంది. చిన్నపిల్ల పరికిణీ కట్టుకుని కెమెరా వైపు చూస్తుంటుంది, వెనక నిలువుటద్దంలో జడ మొత్తం కనబడుతుంది. ముఖమూ జడా ఒకే ఫోటోలో రావాలని స్టూడియోవాళ్లు చేసిన ఏర్పాటు అది. మల్లెపూల జడ అయితే వేసవి అని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు, మొగలిరేకుల జడ అయితే ఎక్కువగా వానాకాలం. అంటే ఏడాది తెలియకపోయినా నెల కొంతవరకు దొరికినట్టే. జడ ఎవరు కుట్టారు, పూలు పెరటివా కొన్నవా, వడ్డాణం మనదేనా, పక్కింటివాళ్లని అడిగి తెచ్చిందా అని అడగండి. ఆ చివరి ప్రశ్నకే అసలు కబుర్లు బయటపడతాయి. అద్దంలోకి తేరిపార చూడండి, ఒక్కోసారి కెమెరా పక్కన నిలబడ్డవాళ్లు కూడా అందులో పడతారు.

ఒక పూటకు పది పన్నెండు ఫోటోలు చాలు, అంతకు మించితే అలసిపోయి అన్నిటికీ "ఏమో, గుర్తులేదు" అంటారు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మాటలు రికార్డు చేయండి. ఒక్కో ఫోటోకీ ఒక నంబరు ఇచ్చుకుని, దాని గురించి అడిగే ముందు ఆ నంబరు పైకి చెప్పాలి, లేకపోతే తర్వాత వింటే ఏ మాట ఏ ఫోటోదో తెలియదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కన వేయండి. ఎవరిది నిజమని అక్కడే తేల్చబోకండి. శవం దగ్గర కూర్చుని తీయించుకున్న ఫోటో వస్తే పక్కన పెట్టి, వాళ్లంతట వాళ్లు చెబితేనే వినండి.

ఏడాది తేల్చుకోవడానికి ఫోటోలోనే ఆధారాలుంటాయి. వెనక స్టూడియో ముద్రలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తర్వాతిదే. విజయనగరం జిల్లా అని ఉంటే 1979 తర్వాతిది. స్కూటరు నంబరు ఏపీ తర్వాత అంకెలు, మళ్లీ అక్షరాలు, అంకెలుగా ఉంటే 1989 తర్వాతిది, అంతకు ముందువైతే మూడు అక్షరాల వెంటనే అంకెలు వచ్చేవి. నలుపు తెలుపు కనబడగానే బాగా పాతదనుకోవద్దు, ఖర్చు తక్కువని 1980ల్లో కూడా తీయించుకున్నారు. మూలన నారింజ రంగులో పడ్డ తేదీని కూడా పూర్తిగా నమ్మలేం. కెమెరాలో బ్యాటరీ మార్చాక తేదీ సరిచేయకపోతే తప్పుదే పడేది.

ఇంకొకటి. పాత నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేసిన ఫోటోలు ఉంటాయి. అందరి పైటలూ కుడి భుజం మీద, గడియారాలన్నీ కుడి చేతికి కనబడితే అనుమానించండి. అప్పుడు ఎడమ కుడి లెక్క మొత్తం మారిపోతుంది.

ఆల్బంలోంచి ఊడి వరస తప్పిన పెళ్లి ఫోటోలను పేర్చడానికి తంతు వరసే దారి: గౌరీపూజ, తెర పట్టి జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు. ఇళ్లను బట్టి కొద్దిగా తేడా ఉంటుంది, మీ ఇంటి పద్ధతి అడిగి పేర్చండి.

స్కానింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మామూలు సైజుకు 600 డీపీఐ (స్కానరులో ఎంచుకునే స్పష్టత కొలత), పాస్‌పోర్టు సైజుకు 1200. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. గ్రూపులో పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత పోతుంది. ఫైలు పేరు ఏడాదితో మొదలైతే అవే వరసలో కూర్చుంటాయి.

ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటోను లాగొద్దు. తేమకు ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది, లాగితే ముఖాలు అద్దంతో వచ్చేస్తాయి. కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా పెట్టి అద్దం మీదుగానే ఫోటో తీసుకోండి. జిగురు పేజీల ఆల్బంలోంచి తీయాలంటే సన్నని దారాన్ని ఫోటో కింద ఒక మూల నుంచి నెమ్మదిగా రంపంలా ఆడించి చూడండి. రాకపోతే వదిలేసి పేజీతో సహా స్కాన్ చేయండి. లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి, మళ్లీ విడదీయలేం.

అన్నీ అయ్యాక ఒక కాపీ మేనత్తల ఇళ్లకూ మేనమామల ఇళ్లకూ పంపండి. మీ దగ్గర "తెలియదు" అని రాసిన నంబరుకు అక్కడ ఎవరో ఒకరు పేరు చెబుతారు. అది కూడా చెప్పినవాళ్ల పేరుతో సహా రాసుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య