కయ్య అంటే కయ్యం కాదు: కోర్టు టైపు పని వెనక కథ

‘కయ్యలో కొట్టినాడు సార్’ అని సాక్షి చెబితే, అది వరిమడి అని చిత్తూరువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోస్తా నుంచి వచ్చిన టైపిస్టుకు అది ‘కయ్యం’గా వినబడవచ్చు. చోటు కాస్తా తగాదా అయిపోతే కేసు తీరే మారిపోతుంది. లీగల్ ట్రాన్స్‌క్రిప్షన్ (కోర్టు, వకీళ్ల పనుల్లో విన్న మాటను రాతలో పెట్టే పని) నేర్చుకుని తిరుపతిలో ఆఫీసు పని వెతుక్కుంటున్న పిల్లలు వేళ్ల వేగం కంటే ముందు ఈ తేడా పట్టుకోవాలని నా గట్టి నమ్మకం.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. 1911లో ఉత్తర ఆర్కాటు తాలూకాలు కొన్ని, కడప తాలూకాలు కొన్ని కలిపి చిత్తూరు జిల్లా చేశారు. అందుకే ఇక్కడి కోర్టులో సాక్షి తెలుగులోనో అరవంలోనో చెబుతాడు, జడ్జి దాన్ని ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, టైపిస్టు కొడతాడు. ఒక మాట మూడు చేతులు మారి కాగితమెక్కుతుంది.

సివిల్ కేసులు నడిపే తీరు చెప్పే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సాక్ష్యాన్ని జడ్జి స్వయంగానో, తన కళ్లెదుటో రాయించాలి. జడ్జి చెబుతుంటే నేరుగా టైపు చేయడానికి, యంత్రంతో రికార్డు చేయడానికి 1976 సవరణ చోటిచ్చింది. నిమిషానికి 30 మాటల లోయర్, 45 మాటల హయ్యర్ టైపు పరీక్షలు పాసైతే చాలని టైపు ఇనిస్టిట్యూట్ల చుట్టూ తిరిగిన తరం మనది.

అసలు మలుపు మాత్రం 2002 జులై 1న వచ్చింది. సివిల్ కేసుల్లో చీఫ్ ఎగ్జామినేషన్‌ను, అంటే సాక్షి తనను పిలిచిన పక్షం తరఫున మొదట చెప్పే సాక్ష్యాన్ని, అఫిడవిట్‌గా (ప్రమాణం చేసి రాసిచ్చే పత్రంగా) దాఖలు చేయాలన్నారు. దాంతో ఆ టైపు పని కోర్టు హాలు దాటి వకీలు ఆఫీసుకు వచ్చింది. సాక్షి ఎదురుగా కూర్చుని చెప్పేది విని రాయగలిగే మనిషి అవసరం అక్కడే పెరిగింది.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కృత్రిమ మేధతో వాదనలను అప్పటికప్పుడు అక్షరాల్లోకి మార్చే పని మొదలుపెట్టింది. యంత్రం ఇచ్చేది చిత్తుప్రతే, దిద్దాల్సింది మనిషే. గెనిమ అంటే పొలం గట్టని తెలిసిన పిల్ల ఆ దిద్దుబాటుకు కావాలి. అందుకే నేర్చుకునేవాళ్లు ఊరి పెద్దల మాటలు ఫోన్లో రికార్డు చేసుకుని, ఒక్క మాటా మార్చకుండా రాయడం రోజూ అలవాటు చేసుకోవాలి. డిపోజిషన్ (రాసుకున్న సాక్ష్యం) సాక్షికి అర్థం కాని వేరే భాషలో ఉంటే, అతను చెప్పిన భాషలోనో, అతనికి అర్థమయ్యే భాషలోనో వివరించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం చెప్పింది; 2024 జులై నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా అదే చెబుతోంది. మీరు రాసింది కూడా చెప్పినవాళ్లకే చదివి వినిపించండి. తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లే పట్టిస్తారు.