ముందు బాడుగకున్నవాళ్ల ఉత్తరాలు: అపోహలు, వాస్తవాలు

కర్నూలులో మనుషులు ఇళ్లు మారినంత వేగంగా బ్యాంకుల్లో వాళ్ల అడ్రసులు మారవు. బీ క్యాంపు, సీ క్యాంపు, వెంకటరమణ కాలనీ... ఏ వీధికి డెలివరీకి వెళ్లినా, ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల కవరు ఏదో ఒకటి నా సంచిలో ఉంటుంది. వాటి గురించి జనం ఒకరికొకరు చెప్పుకునే మాటలు వింటుంటే బాధేస్తుంది, ఒక్కోసారి కోపమూ వస్తుంది. పోస్ట్‌మ్యాన్‌గా నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: "ఇట్లియ్యన్నా, సంతకం పెడితే ఏం పోతుంది? వాళ్లొచ్చినప్పుడు ఇస్తాంలే."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మీకేమీ పోదు. ఆ ఉత్తరం ఎవరిదో, వాళ్లకు పోతుంది. మామూలు స్పీడ్ పోస్టు అడ్రసుకు చేరితే చాలు, ఆ ఇంట్లో ఎవరు తీసుకున్నా అందినట్టే లెక్క. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబర్ 1న స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు పంపేవాళ్లు అదనంగా రిజిస్ట్రేషన్ కూడా చేయిస్తేనే, పేరున్న మనిషికో, ఆ మనిషి అనుమతి ఇచ్చినవాళ్లకో మాత్రమే మేం ఇవ్వాలి. అది లేని కవరుకు మీరు సంతకం పెట్టారంటే ఆన్‌లైన్‌లో 'డెలివర్డ్' అని పడిపోతుంది. పంపిన లాయరు దాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుంటాడు.

చెక్ బౌన్స్ సంగతే చూడండి. నోటీసు అందిన రోజు నుంచి డబ్బు కట్టడానికి ఉండేది 15 రోజులే. సీ క్యాంపులో ఒక ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు అలాంటి నోటీసే మంచితనానికి తీసుకుని, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల కింద పెట్టి మర్చిపోయారు. ముందున్నాయన అప్పటికే ఆదోనిలో కాపురం పెట్టాడు. కోర్టు సమన్లు వచ్చాక ట్రాకింగ్ కాగితం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. "సార్, నేను తీసుకోలేదు, ఈ సంతకం ఎవరిది?" అని అడుగుతుంటే చేతిలో కాగితం వణుకుతోంది. నోటీసు అందలేదనేవాళ్లు సమన్లు అందిన 15 రోజుల్లోపు డబ్బు కట్టేసి బయటపడవచ్చని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన లాయరు ఆ దారి చూపించాడు కాబట్టి సరిపోయింది. చూపించేవాళ్లు అందరికీ దొరకరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. గుమ్మం దగ్గర మీరు అనే మాటను బట్టే మేం కవరు మీద రాస్తాం. "మాకొద్దు, తీసుకుపో" అంటే, కొత్త పోస్ట్‌మ్యాన్ అయితే మీరే ఆ మనిషి తాలూకు అనుకుని 'రెఫ్యూజ్డ్' అని రాసేయవచ్చు. కావాలని తిప్పి పంపితే, అందినట్టే కోర్టులు లెక్కేస్తాయి. "వాళ్లు ఇక్కడ లేరు, ఖాళీ చేసి వెళ్లిపోయారు" అనండి. అప్పుడు 'లెఫ్ట్' అని రాస్తాం, కవరు పంపినవాళ్లకు వెనక్కి వెళ్తుంది. అవతల ఉన్నది లాయరైనా బ్యాంకైనా, మనిషి ఆ ఇంట్లో లేడని వాళ్లకు తెలిసేది అలాగే.

అపోహ: వాళ్ల అప్పుల నోటీసులు మన ఇంటికొస్తే మన సామాన్లు, మన ఇల్లు జప్తు చేస్తారు.

ఒంటరిగా ఉండే ఒక పెద్దామె, పై పోర్షన్‌లో ఉండి వెళ్లిన కుర్రాడి లోన్ నోటీసులు చూసి నిద్ర మానేసింది. "ఇల్లు గుంజుకుంటారంట కదా నాయనా" అని నా చెయ్యి పట్టుకుంది. ఎవరు చెప్పారంటే పక్కింటాయన! తెలియని విషయం చెప్పి పెద్దవాళ్లను భయపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పు తీసుకున్నవాళ్లది, జామీను ఉన్నవాళ్లది, డోర్ నంబరుది కాదు. అప్పులు ఎలా కట్టారో చెప్పే సిబిల్ స్కోరు కూడా మనిషిదే, ఇంటిది కాదు. రికవరీ ఏజెంట్లు వస్తే గుర్తింపు కార్డు అడగండి, మీ బాడుగ అగ్రిమెంటో ఇంటి పన్ను రసీదో చూపించండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత అప్పు తీసుకున్నవాళ్లకే ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, మీకు చేసే హక్కు ఎక్కడిది? ఇల్లు కొన్నవాళ్ల సంగతి మాత్రం వేరు. పాత ఓనరు ఆ ఇంటినే తాకట్టు పెట్టి ఉంటే సమస్య నిజమైనదే, ఇంటి మీద తాకట్టు ఉందో లేదో తెలిపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి చూసుకోండి.

అపోహ: అడ్రసు పోస్ట్‌మ్యాన్‌కు తెలుసు, ఆయనే కొత్త ఇంటికి పంపిస్తాడు.

పంపించం. ఇల్లు మారినవాళ్లే పాత ఏరియా పోస్టాఫీసులో రీడైరెక్షన్ కోసం, అంటే ఉత్తరాలను కొత్త అడ్రసుకు మళ్లించమని, రాసివ్వాలి. అది కూడా అన్నిటికీ పనిచేయదు, ఏటీఎం కార్డుల కవర్ల మీద చాలావరకు 'రీడైరెక్ట్ చేయవద్దు' అనే ఉంటుంది. పాస్‌పోర్టు అయితే మనిషి లేకపోతే వెనక్కే.

అపోహ: వాళ్ల ఆధార్, ఓటరు కార్డు మన అడ్రసుతో ఉంటే ఇంటి మీద హక్కు వస్తుంది.

రాదు. ఓటరు జాబితాలో పాతవాళ్ల పేరు ఉండిపోతే, పేరు తీసేయమని కోరే ఫారం 7 ఇవ్వండి.

తలుపు కింద పడి ఉన్న మామూలు ఉత్తరాలను విప్పవద్దు, చించవద్దు. 'ఈ ఇంట్లో లేరు' అని రాసి మాకు ఇచ్చేయండి, లేదా ఎర్ర డబ్బాలో వేయండి. స్టాంపు అక్కర్లేదు. బార్‌కోడ్ మీద మాత్రం రాయకండి, స్కాన్ కాక కవరు మా దగ్గరే ఆగిపోతుంది.